పాత ఫర్నేస్‌కు కొత్త బర్నరా?

అమెరికా చలి రాష్ట్రాల్లో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. గ్యాస్ ఫర్నేస్‌లో బర్నర్లు పాడయ్యాయి. ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. ఏం చేయాలి? మురికి పడితే శుభ్రం చేయిస్తే చాలు. తుప్పు తిని రంధ్రాలు పెద్దవైతే మాత్రం గ్యాస్ సరిగా మండదు. కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

"కొలత కుదిరే వేరే బర్నర్ బిగిస్తే సరిపోదా?" అంటారు. సరిపోదు. పొడవు కుదిరితే చాలదు, గ్యాస్‌కూ గాలికీ పాళ్లు కుదరాలి. అందుకే తయారీదారు ఆమోదించిన భాగమే వాడాలి. అది దొరక్కపోతే ఫర్నేస్ మార్చాల్సిందే. ఖర్చు ఎక్కువే, కాదనను. అయితే బర్నర్ కొనే ముందు, మంట వేడిని ఇంటి గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్‌ను టెక్నీషియన్‌కు చూపించండి. అది పగిలి ఉంటే కొత్త బర్నర్ డబ్బు దండగ. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈరోజే పెట్టించండి.