టేపు మీద తంబుర
(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాలలో చేసిన ప్రసంగ పాఠం)



రాక్ సంగీతమనగానే పెద్దల మనసులో మెదిలేది గిటారు మోత, డ్రమ్ముల దరువు, భుజాల దాకా పెంచిన జుట్టు. పాఠశాల ఉత్సవంలో దానికి చోటెక్కడిదని ఎవరికైనా అనిపిస్తే ఆ సందేహం సహజమే. అయితే 1966 ఏప్రిల్ 6వ తేదీన లండన్ నగరంలో, ఆబీ రోడ్డులోని ఈ.ఎం.ఐ. స్టూడియోలో బీటిల్స్ బృందం ప్రారంభించిన ‘టుమారో నెవర్ నోస్’ అనే పాటలో మొట్టమొదట చెవిన పడేది గిటారు కాదు, తంబుర. పాట యావత్తూ దాదాపు ఒకే శ్రుతి మీద నిలుస్తుంది. త్యాగరాజ ఆరాధనలో కూర్చున్న శ్రోతకు అందులో వింత ఏమీ కనిపించదు గానీ, క్షణక్షణానికీ స్వరసంపుటి మారడానికి అలవాటుపడిన ఆంగ్ల శ్రోతకు అది పెద్ద ఆశ్చర్యం.

ఆ కాలపు ధ్వనులను గురించి తెలుసుకోవాలంటే ముందు టేపును గురించి తెలుసుకోవాలి. పిల్లలకు టేపు అంటే ఏమిటో వివరించవలసిన రోజులు వచ్చాయి. అది ప్లాస్టిక్ పట్టీ. దానిపై ఇనుప ఆక్సైడు పూత ఉంటుంది. శబ్దం విద్యుత్తుగా మారి ఆ పూతను అయస్కాంతీకరిస్తుంది. బీటిల్స్ వాడిన యంత్రంలో ఆ పట్టీ వెడల్పు ఒక అంగుళం. దాని పొడవునా పక్కపక్కన నాలుగే దారులు, అంటే నాలుగు ట్రాకులు. నాలుగూ నిండిన పిదప మరొక వాద్యం కావాలంటే, ఉన్నవాటిని కలిపి రెండో యంత్రంలో ఒకటి రెండు ట్రాకుల మీదికి ఎక్కించి, మిగిలిన చోటు ఖాళీ చేసుకోవాలి. అలా కలిపిన తరువాత తబలా ఎక్కువైందని గానీ, గొంతు తగ్గిందని గానీ విచారించి ప్రయోజనం లేదు. విడదీయడం ఆనాడు సాధ్యం కాదు. పైగా ప్రతి బదిలీకీ టేపు హోరు కొంత పెరుగుతుంది. నేడు ఎన్ని పొరలైనా చేర్చి, ఎన్నిసార్లయినా చెరిపి, మళ్ళీ రాయవచ్చు. ఆనాడు ముందే విని, ముందే నిర్ణయించుకోవలసి వచ్చేది.

టేపుకు మరొక గుణం ఉంది. రికార్డు చేసిన వేగానికి రెట్టింపు వేగంతో తిప్పితే మధ్యస్థాయి షడ్జమం తారాషడ్జమం అవుతుంది, కాలం సగానికి తగ్గుతుంది. 1965లో ‘ఇన్ మై లైఫ్’ పాటకు నిర్మాత జార్జ్ మార్టిన్ చేసిన పని ఇదే. సగం వేగంతో తిరుగుతున్న టేపు మీద పియానోను ఒక స్థాయి కిందికి, నెమ్మదిగా వాయించి, మామూలు వేగంతో వినిపించారు. అది పాతకాలపు హార్ప్సికార్డులా మోగింది. వినేవారిలో చాలామంది దానిని హార్ప్సికార్డనే భావిస్తారు.

మళ్ళీ తంబుర పాట వద్దకు వద్దాం. జాన్ లెనన్ తన గొంతు కొండ శిఖరం మీది నుండి దలైలామా జపిస్తున్నట్లు వినిపించాలని కోరాడు. కోరిక చెప్పడం సులభం. దానిని తీగలతో, దిమ్మెలతో సాధించవలసినవాడు జెఫ్ ఎమెరిక్ అనే శబ్దగ్రాహకుడు. అప్పటికతని వయసు ఇరవై సంవత్సరాలు. అతడు లెనన్ గొంతును హామండ్ ఆర్గన్‌కు వాడే లెస్లీ అనే స్పీకరు గుండా పంపాడు. అందులో కొమ్ము గుండ్రంగా తిరుగుతూ ఉండడం వల్ల గొంతు అలలు అలలుగా వచ్చింది. పెద్ద డ్రమ్ము లోపల ఉన్ని స్వెట్టరు కుక్కి, మైకును సంస్థ నియమావళి అనుమతించిన దూరం కంటె దగ్గరకు జరిపాడు. సాంకేతిక సిబ్బంది తెల్ల కోట్లు ధరించి పనిచేసే సంస్థలో అది చిన్న సాహసం కాదు.

పాల్ మెకార్ట్నీ తన ఇంటి టేపు యంత్రంపై కొన్ని వలయాలు తయారుచేసి తెచ్చాడు. టేపు ముక్క రెండు కొసలనూ అతికిస్తే అది వలయమై, అదే శబ్దాన్ని ఆగకుండా తిప్పి తిప్పి వినిపిస్తుంది. వాటిలో ఒకదానిలో అతని నవ్వు వేగం పెరిగి సముద్రపక్షుల అరుపుగా మారిపోయింది. అటువంటి వలయాలు ఐదింటిని స్టూడియోలోని వేర్వేరు గదులలో ఉన్న యంత్రాలపై తిప్పారు. వలయం బిగువు సడలకుండా ఉండడానికి సిబ్బంది ఒక్కొక్కరు పెన్సిలు పట్టుకొని నిలబడ్డారు. ఇక్కడ మార్టిన్, ఎమెరిక్ మీటలు ఎత్తుతూ దించుతూ ఐదింటినీ పాటలో కలిపారు. ఆ కలయికను అదే విధంగా రెండోసారి చేయడం ఎవరికీ సాధ్యం కాదు. పెన్సిళ్ళు పట్టుకున్నవారి పేర్లు రికార్డు అట్ట మీద వెదకడం వృథా ప్రయాస.

అదే సంవత్సరం చివరలో ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ రూపుదిద్దుకుంది. ఆరంభంలో వినిపించే వేణువు వేణువు కాదు, మెల్లోట్రాన్. హార్మోనియం మెట్ల వంటి మెట్లున్న పెట్టె అది. ప్రతి మెట్టు కిందా ఒక టేపు ముక్క, దాని మీద నిజమైన వేణువు పలికిన ఒక్కొక్క స్వరం. మెట్టు నొక్కి ఉంచితే సుమారు ఎనిమిది సెకన్లు పలికి ఆగిపోతుంది. అదే పాటలో హిందుస్తానీ గాయకులు ఒడిలో ఉంచుకొనే స్వరమండలమూ ఉంది. లెనన్‌కు ఒక ముద్రణలో మొదటి భాగం, వేరొక ముద్రణలో తరువాతి భాగం నచ్చాయి. రెండింటి శ్రుతి వేరు, లయ వేరు. ఒకదాని వేగాన్ని కాస్త పెంచి, మరొకదాని వేగాన్ని తగ్గించి, సుమారు ఒక నిమిషం వద్ద టేపును కోసి అతికించారు. అతుకు ఎక్కడుందో తెలిసినవారికే తెలుస్తుంది.

అమెరికాలోనూ ఇటువంటి కృషే జరిగింది. గిటారు గరగరను 1961లో నాష్‌విల్‌లో చెడిపోయిన ఒక విద్యుత్ పరికరం అనుకోకుండా పుట్టించగా, మరుసటి ఏడాదికి దానినే చిన్న పెట్టెలో బిగించి అమ్మసాగారు. 1965లో రోలింగ్ స్టోన్స్ వారి ‘శాటిస్‌ఫాక్షన్’ దానిని ఇంటింటికీ చేర్చింది. లాస్ ఏంజిలిస్‌లో బీచ్ బాయ్స్ నాయకుడు బ్రయన్ విల్సన్ 1966 నాటి ‘పెట్ సౌండ్స్’లో సైకిలు గంటను కూడా వాద్యం చేశాడు. ఆ రికార్డులోని పలు పాటలకు బేస్ గిటారు వాయించినది కరోల్ కే అనే వనిత. ఆమె గిటారు నేర్పే ఉపాధ్యాయురాలు కూడా. కిరాయికి వాయించే అటువంటి కళాకారుల పేర్లు ఆనాటి అట్టల మీద సాధారణంగా అచ్చయ్యేవి కావు. పాఠశాల సంచికలలోనైనా ప్రధానోపాధ్యాయుల చిత్రపటాలు ముందు పుటలలో ఉంటాయి. ముప్పై ఏళ్ళు వేళ తప్పకుండా గంట కొట్టిన మనిషి పేరు ఏ పుటలోనూ కనిపించదు.

ఇక ఈ విషయంలో అన్నింటికంటె చింతించవలసిన ఘట్టం. 1965 అక్టోబరులో ‘నార్వీజియన్ వుడ్’ కోసం జార్జ్ హారిసన్ సితార పట్టాడు. లండన్‌లో భారతీయ వాద్యాల సంగతి తెలిసిన సంస్థ ఏషియన్ మ్యూజిక్ సర్కిల్. దాని స్థాపకులలో ఒకరు కర్ణాటక నుండి వెళ్ళిన అయన అంగడి. ఆ సంస్థ ద్వారానే లండన్‌లోని భారతీయ కళాకారులు స్టూడియోకు వచ్చారు. 1966లో ‘లవ్ యూ టు’ పాటకు తబలా వాయించిన అనిల్ భాగవత్ పేరు అట్ట మీద అచ్చయింది. అది అరుదైన మర్యాద. 1967 మార్చిలో ‘వితిన్ యూ వితౌట్ యూ’ ముద్రణకు దిల్‌రుబాలు, తబలా, తంబుర పట్టుకొని మరికొందరు వచ్చారు. దిల్‌రుబా ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే తీరును మార్టిన్ పాశ్చాత్య లిపిలో రాసి, ఎనిమిది వయొలిన్లు, మూడు సెల్లోలతో అనుసరింపజేశారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విన్న తెలుగు చెవికి ఆ జారు పరిచితమే. లండన్ వాద్యకారులు మాత్రం దాని కోసం ఎంతో శ్రమించవలసి వచ్చింది.

ఆ పాట చోటుచేసుకున్న ‘సార్జెంట్ పెప్పర్స్’ రికార్డు అట్ట లోకప్రసిద్ధం. వెనుకవైపు పాటల సాహిత్యం యావత్తూ ముద్రించారు. ముందువైపు చిత్రంలో హారిసన్ కోరికపై పరమహంస యోగానంద, యుక్తేశ్వర్ గిరి, లాహిరీ మహాశయ, బాబాజీ అనే నలుగురు భారతీయ గురువులకు స్థానం లభించింది. దిల్‌రుబా, తబలా, తంబుర వాయించిన భారతీయుల పేర్లకు మాత్రం ఎక్కడా చోటు లేదు. యాభై సంవత్సరాల తరువాత, 2017లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన మూలంగా ఆ పేర్లు వెల్లడయ్యాయి: దిల్‌రుబా అన్నా జోషి, అమృత్ గజ్జర్, తంబుర బుద్ధదేవ్ కన్సారా, తబలా నట్వర్ సోనీ.

ముంబయి నగరానికీ ఇందులో భాగముంది. 1968 జనవరిలో హారిసన్ ఒక చలనచిత్ర సంగీతం కోసం ఇక్కడి హెచ్.ఎం.వి. స్టూడియోకు వచ్చాడు. వీధి రణగొణ ధ్వని పూర్తిగా ఆగని గది. లండన్‌లోని నాలుగు ట్రాకులు కూడా లేవు, రెండే. ఆ పని చేస్తూనే ‘ది ఇన్నర్ లైట్’ అనే పాట వాద్యభాగాన్నీ ముద్రించారు. వేణువు హరిప్రసాద్ చౌరాసియాది, సరోద్ ఆశిష్ ఖాన్‌ది. ఆ టేపు లండన్ చేరింది. ఫిబ్రవరిలో హారిసన్ దానిపై తన గొంతు చేర్చాడు. మార్చిలో ‘లేడీ మడోనా’ రికార్డు రెండో వైపున ఆ పాట వెలువడింది. రికార్డు నడుమ అంటించిన గుండ్రని చీటీ మీద బృందం పేరు, పాట కట్టినవారి పేరు ఉన్నాయి. వేణువు ఎవరిదో అందులో రాయలేదు.