అర్థం కాని కాగితం, అందని న్యాయం



2007 డిసెంబర్ 27న విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలోని ఒక వసతిగృహంలో ఆయేషా మీరా అనే ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడు పోలీసులు సత్యంబాబు అనే పేద యువకుని నిందితునిగా చూపారు. 2010లో విజయవాడ మహిళా న్యాయస్థానం అతనికి శిక్ష విధించింది. అతడు దోషి కాడని ఎలుగెత్తి చెప్పినవారు ఎవరో కాదు, బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులే. 2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు అతనిని నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయలు చెల్లించమని ఆదేశించింది. దర్యాప్తు జరిపిన అధికారులపై చర్యకు కూడా ఆదేశించింది. 2018లో కేసు సి.బి.ఐ. చేతికి వెళ్లింది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా యౌవనం చెరసాలలో కరిగిపోయింది. లక్ష రూపాయలు దానికి వెల కాగలవా? నిరపరాధిని శిక్షించిన నాడు అన్యాయం రెండింతలవుతుంది: ఒకరి బ్రతుకు చెడుతుంది, అసలు నేరస్థుడు తప్పించుకుంటాడు.

అతని చుట్టూ ఉన్నది అతని మాతృభాషే. అయినా అంత జరిగింది. రాజపాళయంలో తరతరాలుగా ఇంట తెలుగు పలికేవారున్నారు. మిల్లుపని వెతుక్కుంటూ నిన్నమొన్న వచ్చి, తమిళం చదవలేనివారూ ఉన్నారు. ఇక్కడ పోలీసు స్టేషనులోనూ కోర్టులోనూ వ్యవహారం ఎక్కువగా తమిళంలోనే. కనుక కొన్ని సంగతులు కంఠస్థం కావాలి.

అరెస్టుకు కారణం చెప్పించుకోవడం, న్యాయవాదిని సంప్రదించడం, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలవడం రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కులు. దర్యాప్తులో పోలీసులు వ్రాసుకొన్న వాఙ్మూలంపై సాక్షి సంతకం చేయనక్కరలేదు. పోలీసు అధికారి ఎదుట నేరం ఒప్పుకున్నట్లు వ్రాసిన మాట కోర్టులో ఋజువుగా నిలువదు. నిందితునికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే, దానిని అతనికి తెలిసిన భాషలో కోర్టులోనే వినిపించాలి. ఫిర్యాదు చేసినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితం, దానికి రూపాయి అడిగినా అది లంచమే. లంచం ఇచ్చి ఈనాడు పని జరిపించుకున్న చేతులే రేపు అదే లంచానికి బలి కావచ్చు.

న్యాయవాదికి ఇచ్చుకోలేనివారికి 1987 నాటి చట్టం ఉచిత న్యాయసహాయం కల్పించింది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేదు. 15100 అనే నంబరుకు ఫోను చేయవచ్చు.

అర్థం కాని కాగితాన్ని చదివి వినిపించమని అడగడం అవిధేయత కాదు. అడిగినవారి పక్కన ఇరుగుపొరుగు నిలవాలి.