వేటూరివారి చెవి

పొద్దున్న కోటగుమ్మం దగ్గర ఒకాయన మన సభ కరపత్రం చూసి, "వేటూరిగారి మీదాండీ? పాటలేమన్నా పాడిస్తారా?" అని అడిగాడు. ఆయన తప్పేం లేదు. వేటూరి అంటే ఇప్పుడు అందరికీ సినిమా పాటల సుందరరామమూర్తిగారే. నేను చెప్పబోయేది వారికి పెదనాన్న వరసైన ప్రభాకరశాస్త్రిగారి గురించి.

ఆయన 1888లో కృష్ణాజిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టారు. ఉద్యోగం మొదట మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకశాలలో, ఆ తరవాత తిరుపతిలో. మరి గోదావరి ఒడ్డున మనకేం సంబంధం అంటారేమో! బందరులో ఆయనకు చదువు చెప్పిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు మన కడియంలో పుట్టినవారు. ప్రభాకరశాస్త్రిగారు జన్మంతా వెంటాడిన శ్రీనాథుడేమో ఈ రాజమహేంద్రవరం ఏలిన వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడు. గురువూ మనవైపువాడే, వెంటపడ్డ కవీ మనవైపువాడే. శాస్త్రిగారిలో సగం వాటా మనం అడగొచ్చు.

ఆయన్ని పరిచయం చేసేటప్పుడు పరిశోధకుడు, పరిష్కర్త, కవి, అనువాదకుడు అని వరసగా నాలుగు బిరుదులు చదివేస్తారు. నాలుగూ నిజమే. కానీ అలా చదివితే నలుగురు మనుషులు కనిపిస్తారు. నాకు ఒక్కడే కనిపిస్తాడు, చెవి ఉన్న మనిషి. ఎక్కడ తెలుగు బతికి ఉందో అక్కడికి ఆ చెవి వెళ్లింది. ఆ తెలుగు ఏ రూపంలో దొరికితే ఆ రూపాన్ని పట్టుకుంది.

అన్నిటికన్నా ముందు ఆయన సంకలనం చాటుపద్య మణిమంజరి చెప్పుకోవాలి. పాతికేళ్ల వయసులో ఆ పని తలకెత్తుకున్నారు. చాటువు అంటే నోటినుంచి నోటికి తిరిగే విడి పద్యం. అది కావ్యంలో ఉండదు, సభలోనూ పెద్దగా ఉండదు. అరుగుల మీద ఉంటుంది, పడవ రేవుల్లో ఉంటుంది, పెళ్లిపందిట్లో రెండో బంతి కోసం ఎదురుచూసే చోట ఉంటుంది. మా తాతగారు కోటిపల్లి రేవులో పడవ ఆలస్యమైతే అటు తిరిగి ఒక పద్యం, ఇటు తిరిగి ఒక పద్యం వదిలేవారు. పద్యం కన్నా ముందు కథ వచ్చేది. ఫలానా రాజు ఫలానా కవికి ఇస్తానన్నది ఇవ్వలేదట, దాంతో ఆ కవికి ఒళ్లు మండిందట, అప్పుడన్నాడట... ఈ మూడు "అట"లూ లేకపోతే చాటువు ఒట్టి పద్యం. శాస్త్రిగారి గొప్ప ఏమిటంటే పద్యంతోపాటు ఆ "అట"లనూ ఏరారు. ఇంకొకరైతే కథలు పుక్కిటివని పారేసి, పద్యాలకు వ్యాకరణం దిద్ది అచ్చేసేవారు. అరుగు మీది వాసన పోయేది. వెల్చేరు నారాయణరావుగారు, అదే మన ఏలూరు కాలేజీలో పాఠం చెప్పినాయన, డేవిడ్ షుల్మన్‌తో కలిసి 1998లో చాటువుల మీద ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. దానికి మూలధనంలో పెద్ద భాగం ఈ మణిమంజరిదే.

చాటువు చిన్నదే కానీ సులువు కాదు. ఒక్క కందం తీసుకోండి. పదహారు గణాలు, గణానికి నాలుగు మాత్రలు, మొత్తం 64 మాత్రలు. బేసి గణంలో జగణం రాకూడదు. ఆరో గణం జగణమో నలమో అయి తీరాలి. రెండో పాదం చివర, నాలుగో పాదం చివర గురువు పడాలి. ఇన్ని సంకెళ్లతో తిట్టాలి, తిట్టు తిట్టులాగే వినిపించాలి! కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని ఊరికే అనలేదు. వర్ణించాలనిపిస్తే చాటుకవి కందం వదిలి సీసానికి పోతాడు. నాలుగు పొడుగు పాదాల్లో జాబితా విప్పి, కింద తేటగీతిలోనో ఆటవెలదిలోనో వాత పెడతాడు. ఏ మాటకు ఏ ఛందస్సు అన్న విద్య ఈ పద్యాలు ఏరుతూనే ఆయనకు పట్టుబడిందని నా నమ్మకం.

ఏరడం కూడా కవుల పనే అని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పదిహేనో శతాబ్దంలో మడికి సింగన పద్మపురాణం పద్యాల్లో రాశాడు, భాగవత దశమస్కంధం ద్విపదలో రాశాడు. ఆ చేత్తోనే పాత నీతిగ్రంథాల పద్యాలు ఏరి సకలనీతిసమ్మతం కూర్చాడు. ఆయన రాసింది తెలంగాణలో రామగిరి కందనమంత్రి దగ్గరే అనుకోండి, ఇంటిపేరు మాత్రం మన ఆలమూరు మండలంలో మడికి అనే ఊరై కూర్చుంది. ఆ తరవాత పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరం కూర్చాడు. అలాంటి పాత సంకలనంలోంచే మన శాస్త్రిగారు, అసలు కావ్యాలు నశించిపోయి పద్యాలు మాత్రం మిగిలిన కవుల్ని పైకి తీసి, 1918లో ప్రబంధరత్నావళి వేశారు. కొందరు కవుల ఆస్తి మొత్తం కలిపి నాలుగైదు పద్యాలే. ఇల్లు కాలిపోయాక బూడిదలో దొరికిన ఇత్తడి గ్లాసుల్లాంటివి.

ఆ పని ఎలాంటిదో తాటాకు కట్ట విప్పినవాళ్లకు తెలుస్తుంది. గంటంతో గీసిన అక్షరంలో మసి దిగకపోతే ఆకు ఖాళీగానే కనిపిస్తుంది. మసి పూసి తుడిస్తే గీతలు తేలతాయి. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. పద్యం ఎక్కడ ఆగిందో, మరొకటి ఎక్కడ ఎత్తుకుందో కన్ను చెప్పదు. పెదవులు కదిలిస్తూ చదవాలి, అప్పుడు చెవి చెబుతుంది: ఇదిగో ప్రాస, ఇదిగో యతి, ఇక్కడ ఒక అక్షరం పురుగు తిన్నది.

ఇంత చెవి ఉన్నవారు పండితులు తక్కువగా చూసిన ద్విపదను వదులుతారా? 1926లో పాల్కురికి సోమన బసవపురాణం ఆయన పెద్ద పీఠికతో వచ్చింది. తిరుపతి వెళ్లాక తాళ్లపాక చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్ర, అదీ ద్విపదే, అదీ పీఠికతోనే. అనువాదాలకు ఎంచుకున్నవాటిలో భాసుడి ప్రతిమ లాంటి గంభీరమైనవి ఉన్నాయి, కాదనను. కానీ నాకు ఆయన మనసు తెలిసేది మత్తవిలాసం దగ్గర. మహేంద్రవర్మ అనే పల్లవ రాజు రాసిన ప్రహసనం. తాగిన కాపాలికుడు తన కపాలం పోయిందని బౌద్ధభిక్షువు మీద పడతాడు. తీరా చూస్తే ఎత్తుకుపోయింది కుక్క. భగవదజ్జుకంలో యమభటుడు పొరపాటున వేశ్య ప్రాణం పట్టుకుపోతే, సన్న్యాసి ప్రాణం వేశ్యలోకీ, వేశ్య ప్రాణం సన్న్యాసిలోకీ చేరతాయి. ఈ రెండూ తెలుగు చేసిన మనిషి చాటువులు ఏరిన మనిషేనని వేరే చెప్పాలా?

ఓరుగల్లు వీధులు తిప్పి చూపించే క్రీడాభిరామాన్నీ ఆయనే పరిష్కరించారు. అది వినుకొండ వల్లభరాయడిది కాదు, శ్రీనాథుడిదే అని వాదించారు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. ఆ వాదన చదువుతుంటే ముచ్చటేస్తుంది, నమ్మకం మాత్రం కుదరదు. మంచి తెలుగు ఎక్కడ వినిపించినా అది శ్రీనాథుడి గొంతే అనుకునేంత ప్రేమ ఆయనది. 1923 నాటి శృంగారశ్రీనాథం నిండా ఆ ప్రేమే. చాటువుల్లో "నేను" అన్నవాడల్లా శ్రీనాథుడు కాదండీ. శ్రీనాథుడిలా మాట్లాడాలని సరదాపడిన ఊళ్లు చాలా ఉన్నాయి.

సొంత కవిత్వం గురించి ఒక్క మాట. ఆయన ఖండకావ్యాల పేర్లు చూడండి: కడుపుతీపు, మూన్నాళ్ల ముచ్చట. అంత సంస్కృతం వచ్చినవారు తలుచుకుంటే నోరు తిరగని సమాసం పెట్టలేకనా? వంటింట్లో అమ్మలు అనే మాటను తెచ్చి అట్ట మీద అచ్చేయించారు.

మా తాతగారి నోటుబుక్కు ఇవాళ తెచ్చాను, ఇదిగో. పచ్చబడ్డ కాగితాల మీద ఇంకుపెన్సిలు రాత. ఇందులో ఒక కందం కింద ఆయన "రామలింగడు" అని రాసి, కొట్టేసి, "శ్రీనాథుడు" అని రాసి, దాన్నీ కొట్టేశారు. కవి సంగతి అలా ఉంచండి. నాలుగో పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం మీద చెమట చెయ్యి పడి అలికిపోయింది. పాదం ఎత్తుగడ "క" కాబట్టి అక్కడ యతికి ఆ వర్గంలోదే ఏదో ఉండాలి. నలభై ఏళ్లుగా ఆ మాట నాకు తట్టలేదు. నోటుబుక్కు టీ బల్ల దగ్గర పెడతాను. ఎవరికైనా ఆ పద్యం నోటికొస్తే, వెళ్లే ముందు ఒక్కసారి నా చెవిన వెయ్యండి.