వెన్నెముక తొలి 28 దినములు



వెన్నెముక యనగానే కార్యాలయోద్యోగులకు నడుమునొప్పి జ్ఞప్తికి వచ్చును. దస్త్రముల ముందు ముప్పదియేండ్లు వంగి కూర్చుండువారికి అది పిలువకయే వచ్చు చుట్టము. కాని వెన్నెముకకు సంబంధించిన భాగ్యాభాగ్యములు కొన్ని, మనుష్యుడు కుర్చీ యెక్కుటకు చాల పూర్వమే, తల్లి గర్భమునందే తేలిపోవుచున్నవి.

పిండము వయస్సు మూడవ వారములో నుండగా దాని వీపున ఒక పలుచని పొర కాలువవలె లోతుపడును. దాని యంచులు రెండును కలిసి గొట్టమగును. పైభాగము మెదడుగను, క్రిందిభాగము వెన్నుపాముగను పెరుగును. ఈ గొట్టము సుమారు 28వ దినమునకు పూర్తిగా మూసికొనవలెను. పైన మూసికొననిచో బిడ్డ బ్రదుకదు. క్రింద మూసికొననిచో వెన్నుపూసలు వెనుకవైపున కలియవు. నరములు చెడిన బిడ్డ జన్మించును. లోపము వీపునందే యున్నను బాధ అచ్చట నాగదు. కాళ్లకు పట్టు తప్పవచ్చును. తలలో నీరు చేరవచ్చును. మూత్రాశయమునకు నరముల యాజ్ఞ అందక, మూత్రము నిలిచి, కొన్నియేండ్లకు ఏ దోషమును లేక పుట్టిన మూత్రపిండములే చెడవచ్చును.

ఈ లోపమును చాలవరకు నివారించునది ఫోలిక్ ఆమ్లము. దీని కథలో మన దేశమునకును, తెలుగువారికిని పాలు కలదు. 1928 మొదలు లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలోని గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది నయమగుట గమనించెను. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరనుండి ఈ యామ్లమును తీసి, ఆకు అను అర్థముగల లాటిన్ పదముతో పేరిడిరి. 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతి, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తహీనతకై వెదకిన యీ మందు వెన్నెముకలను కాపాడుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1948లోనే ఆయన కన్నుమూసెను. 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, ఏడు దేశములలో జరిపిన పరీక్ష ఫలితమును ప్రకటించెను. పూర్వమిట్టి బిడ్డను కన్న తల్లులకు, మరల గర్భము ధరింపక ముందునుండియే దినమునకు 4 మిల్లీగ్రాముల చొప్పున ఈయగా, ఆ లోపము 72 శాతము తగ్గెను.

ముందునుండియే యన్నమాట ముఖ్యము. మన యిండ్లలో కోడలు నెల తప్పినదని రూఢి చేసికొని, పెద్దల చెవిని వేసి, మంచిదినము చూచి వైద్యురాలికడకు పోవుసరికి రెండవ నెల గడచిపోవుచున్నది. అప్పటికి గొట్టము సంగతి తేలిపోయియే యుండును! సీమంతమునాడు పెట్టు బలమైన తిండి తల్లికి మేలే గాని, ఈ పనికి రాదు. బిడ్డను కోరు స్త్రీ, గర్భమునకు కనీసము ఒక నెల ముందునుండి మూడవ నెల నిండువరకు దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొనవలెను. పూర్వమిట్టి బిడ్డ కలిగినవారికి వైద్యులు హెచ్చు మోతాదు నిర్ణయింతురు. తోటకూర, పాలకూర, పప్పులు మంచివే. కాని ఉడికించి నీరు పారబోయు వంటలో ఈ యామ్లము చాలవరకు నీటితోనే పోవును. కావున మాత్ర అవసరము.

శాకాహార కుటుంబములకు మరియొక మాట. బి12 విటమిను తక్కువైనను వెన్నుపాము చెడును. అట్టివారు ఫోలిక్ ఆమ్లము మాత్రమే హెచ్చుగా వాడినచో, రక్తము బాగుపడినట్లు కనిపించుచుండగనే నరములు లోలోపల చెడుచుండవచ్చును. అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలు కనిపించినవారు వయస్సు మీదికి నెట్టివేయక, బి12కై రక్తపరీక్ష చేయించుకొనవలెను.