తవ్వేశాక మిగిలేది రాసుకున్నదే: ఆర్కియాలజిస్టులు ఇప్పుడు ఎలా పని చేస్తున్నారు?

ఆర్కియాలజీ అనగానే మనకి సినిమాల్లో చూసిన గుహ, టార్చిలైటు, నిధి గుర్తొస్తాయి కదా. నిజానికి వాళ్ళ పనిలో ఎక్కువ భాగం రాసుకోవడమే. ఎందుకంటారా? మట్టి పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కింది పొర చూడాలంటే పై పొర తీసేయాలి. తీశాక అది ఇంక తిరిగి రాదు. ఇల్లు కూలుస్తూ కూలుస్తూ, ఆ ఇల్లు ఎలా ఉండేదో రాసుకోవడం లాంటి పని ఇది.

మన నాగార్జునకొండనే తీసుకోండి. సాగర్ డ్యామ్ వస్తోందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి టీమ్ ఆ లోయంతా తవ్వింది. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. కొన్ని కట్టడాల్ని కొండమీదికీ, అనుపుకీ తరలించారు. మిగతా లోయంతా ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. డౌటొస్తే వెళ్ళి చూసొద్దాం అనడానికి లేదు. వాళ్ళు రాసిందీ, గీసిందీ, ఫోటో తీసిందే మనకి ఆధారం.

ఇప్పుడు టర్కీ వెళ్దాం. కోన్యా మైదానంలో చాతల్‌హొయుక్ అని దాదాపు 9,000 ఏళ్ళ నాటి ఊరు. ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పైకప్పు మీంచి నిచ్చెన దిగి లోపలికి వెళ్ళాలి. చనిపోయినవాళ్ళని ఇంట్లోనే అరుగుల కింద పాతిపెట్టేవాళ్ళు. జేమ్స్ మెల్లార్ట్ 1960ల్లో తవ్విన ఈ చోటికి, 1993లో ఇయాన్ హాడర్ కొత్త టీమ్‌తో వచ్చాడు. ఆయన చేసిన ఒక పని నాకు భలే నచ్చుతుంది. తవ్వేవాళ్ళు గుంటలోనే నిలబడి "ఇది పొయ్యి అనుకుంటున్నాం, ఎందుకంటే..." అని వీడియోలో చెప్పేవాళ్ళు. యూట్యూబ్ వచ్చింది 2005లో. అంతకు ముందే వీళ్ళు వ్లాగులు చేశారన్నమాట! తర్వాత ఆ పొయ్యి కాదని తేలినా, మొదట ఎందుకలా అనుకున్నారో రికార్డులో ఉంటుంది.

2010 తర్వాత అక్కడ 3డీ వచ్చింది. టెక్నిక్ సింపులే. ఒకే చోటుని చుట్టూ తిరుగుతూ, ఒక ఫోటోలో ఉన్నది పక్క ఫోటోలో కూడా పడేలా బోలెడు ఫోటోలు తీస్తారు. ఒకే రాయి, ఒకే మూల ఏయే ఫోటోల్లో ఎక్కడ పడిందో సాఫ్ట్‌వేర్ వెతికి, కెమెరా ఎక్కడెక్కడ ఉందో లెక్క కట్టి మోడల్ తయారు చేస్తుంది. కొలతలు తప్పకుండా టోటల్ స్టేషన్‌తో కొలిచిన గుర్తులు కొన్ని పెడతారు. ఆ మోడల్ నుంచి తీసిన ఫోటో మీదే, ట్యాబ్‌లో పొరల అంచులు గీసుకుంటారు.

మరి చేత్తో బొమ్మ గీయడం అనవసరమా? ఇక్కడే వాళ్ళలో వాళ్ళకి వాదన. గీసేవాడు ఈ పొర ఎక్కడ ఆగిందో ప్రతి అంగుళం చూసి తేల్చుకోవాలి. కెమెరా అన్నీ పట్టుకుంటుంది కానీ ఏది ఏమిటో చెప్పదు. నన్నడిగితే ఫోటో తీసేశాం కదా, ఇంటికెళ్ళి చూద్దాంలే అనే బద్ధకమే డేంజర్. ఇంటికెళ్ళేసరికి ఆ పొర ఉండదు.

ఇంకో సమస్య ఉంది, మనందరికీ అనుభవమే: పాత ఫోన్‌లో ఫోటోలు పోవడం. లండన్‌లో న్యూహామ్ మ్యూజియం తవ్వకాల విభాగం 1998లో మూతపడింది. 200కి పైగా ఫ్లాపీలు యార్క్‌లోని ఆర్కియాలజీ డేటా సర్వీస్ చేతికొచ్చాయి. కొన్ని ఫైళ్ళు పాడైపోయాయి, కొన్నిట్లో ఏముందో చెప్పేవాళ్ళు లేరు. ఆ తవ్విన చోట్లు మాత్రం మళ్ళీ రావు. అదే మన అమరావతి చూడండి: 1816లో కాలిన్ మెకెంజీ మనుషులు స్తూపం శిల్పాలకి కాగితం మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. కొన్ని రాళ్ళు తర్వాత ఏమయ్యాయో తెలీదు. కాగితాలు ఇంకా బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

మీ ఊళ్ళో పాత శాసనం ఉంటే దానికి సుద్దా, రంగూ పూయకండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చుట్టూ తిరిగి ఫోటోలు తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టండి. ఎక్కడ, ఎప్పుడు తీశారో ఒక నోటు పుస్తకంలో కూడా రాసుకోండి. తవ్వకం మాత్రం వద్దు, ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్‌కి చెప్పండి. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.