కరోనా కప్పు తట్టి వింటే

బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు భౌతికశాస్త్రం మీద మమకారం పెంచిన మాస్టారి పేరున ఈ ఉపన్యాసం. గోదావరిఖనిలో సూర్యుడి ముచ్చట సబబే. మనం తవ్వే బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన ఎండే కదా.

గనిలో షిఫ్టు మొదట్లో సర్దార్ ఏం చేస్తాడో మీకు తెలుసు. పైకప్పును కర్రతో తట్టి చెవి ఒగ్గుతాడు. ఖంగుమంటే సరే. డొల్లగా మోగితే పొర విడిందని అర్థం, కింద ఎవరినీ నిలబడనివ్వడు. సూర్యుడి కరోనాలోని అయస్కాంత క్షేత్రమూ అంతే. కంటికి చిక్కదు, వినాల్సిందే.

సూర్యబింబం చుట్టూ ఉన్న పలచని వాయువే కరోనా. వేడి పది లక్షల డిగ్రీల పైమాటే, వెలుగు మాత్రం బింబంలో పది లక్షల్లో ఒక వంతు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణంలో ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా నీడ సాగినప్పుడు అది కంటికే కనబడింది. సూర్యమచ్చల అయస్కాంతత్వాన్ని వర్ణరేఖల చీలికను బట్టి ఖగోళ శాస్త్రజ్ఞుడు హేల్ 1908లోనే పట్టుకున్నాడు. కరోనాలో ఆ రేఖలు మసక. పైగా వేడికి వెడల్పై చీలికను దాచేస్తాయి.

అక్కడ ఆదుకునేది రేడియో. సౌరజ్వాల ఎగసినప్పుడు ఎలక్ట్రాన్ల గుంపు కాంతివేగంలో దాదాపు మూడో వంతు వేగంతో పైకి దూసుకెళ్తూ కరోనా వాయువును, అంటే ప్లాస్మాను, కదిలిస్తుంది, రేడియో తరంగాలు పుడతాయి. పైకి పోయేకొద్దీ ప్లాస్మా పలచబడుతుంది, పౌనఃపున్యం సెకన్లలో దిగిపోతుంది. ఆస్ట్రేలియాలో పాల్ వైల్డ్ వీటికి మూడో రకం విస్ఫోటాలని పేరు పెట్టాడు. ఏ పౌనఃపున్యంలో విన్నామో తెలిస్తే ఎంత ఎత్తు నుంచి వచ్చిందో అంచనాకు వస్తుంది. అయస్కాంత క్షేత్రమున్న ప్లాస్మాలో కుడివైపు తిరిగే తరంగమూ ఎడమవైపు తిరిగేదీ ఒకే బలంతో బయటపడవు. ఆ తేడాను కొలిస్తే క్షేత్రం ఎన్ని గాస్‌లో లెక్క తేలుతుంది. నాకు ఈ శాస్త్రం మొత్తంలో ఇంతకన్నా అందమైన మెలిక కనబడలేదు.

ఈ కొలత మన పొరుగునే జరుగుతోంది. హిందూపురం అవతల, తెలుగు వినిపించే గౌరీబిదనూరు సీమలో 1976లో భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి రేడియో వేధశాల నెలకొల్పాయి. హైదరాబాద్ నిజామియా వేధశాల నీడన పెరిగిన వైను బప్పే అప్పుడు మొదటి సంస్థకు డైరెక్టర్. అక్కడే 1997లో 192 యాంటెన్నాలతో, సూర్యుణ్ని రేడియో తరంగాల్లో చూసే రేడియోహీలియోగ్రాఫ్ వచ్చింది. గోపురం లేదు, అద్దం లేదు. ఆరుబయట లోహపు కడ్డీల వరుసలు. సూర్యుడి ఉపరితలానికి అర వ్యాసార్ధం ఎత్తున క్షేత్రం కొన్ని గాస్‌లేనని ఇలాంటి కొలతలు చెబుతున్నాయి. అంత కొద్ది క్షేత్రమే లక్ష కోట్ల కిలోల ప్లాస్మాను బిగబట్టి, ఒక్కోసారి విసిరేస్తుంది. అలా వచ్చిన తుఫానుకే 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ తొమ్మిది గంటలు కరెంటు లేక చీకట్లో ఉంది. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పక్కన బతికే మనకు ఇది పరాయి కబురు కాదు.

కరోనా నుంచి వచ్చే 80 మెగాహెర్ట్జ్ తరంగాలను వినడానికి రెండు మీటర్లకు కాస్త తక్కువ పొడవున్న యాంటెన్నా చాలు. అలాంటివి రెండు అడ్డంగా నిలువుగా బిగిస్తే కుడి ఎడమ తరంగాలను విడదీయవచ్చు. ఈ ఊరి ఐటీఐ కుర్రాళ్ల చేతికి అది లొంగే పనే. మాస్టారి పేరున ఇచ్చే సొమ్ములో కొంత దానికి కేటాయించమని కమిటీ పెద్దలను అడుగుతున్నాను.