ఫీజు కట్టాక మొదలయ్యే పని
(సొసైటీ వార్షిక స్కాలర్‌షిప్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. చదువు విలువ గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక చిన్న విషయమే తీసుకుంటాను. సీటు వచ్చింది, ఫీజు కట్టారు, పిల్లవాడు కాలేజీలో చేరాడు. అక్కణ్నుంచి పట్టా చేతికి వచ్చేదాకా మూడేళ్లో నాలుగేళ్లో పడుతుంది. ఆ మధ్యలో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు, అప్పుడు వాళ్లకు ఏ సాయం అందాలి, అది అందేలా మనం ఏం చేయగలం అన్నదే నా మాట.

మన దరఖాస్తు ఫారంలో ఒక నిబంధన ఉంది. ఏ సబ్జెక్టులో ఫెయిలైనా మరుసటి ఏడాది స్కాలర్‌షిప్ రాదు. దాతల సొమ్ము వృథా పోకూడదనే మంచి ఉద్దేశంతోనే పెద్దలు దాన్ని పెట్టారు. అయితే ఎందుకు ఫెయిలయ్యారో ఆ నిబంధన అడగదు. సినిమాలకు తిరిగి ఫెయిలైన అబ్బాయీ, బోర్డు మీది అక్షరాలు కనపడక ఫెయిలైన అమ్మాయీ దానికి ఒకటే. నా సర్వీసులో చదువు మధ్యలో మానేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లలో బద్ధకస్తులు తక్కువ. ఎక్కువమంది మూడు చోట్ల చిక్కుకున్నారు. పాఠం దగ్గర కొందరు, శరీరం దగ్గర కొందరు, మనసు దగ్గర కొందరు.

ముందుగా పాఠం సంగతి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలోనో, ఉర్దూ మీడియంలోనో చదివిన పిల్లలు బీఎస్సీలోనో, బీటెక్‌లోనో చేరగానే ఒక్కసారిగా అంతా ఇంగ్లీషు. లెక్క తెలుసు, కానీ ప్రశ్న అర్థం కాదు. జవాబు తెలుసు, కానీ రాయడానికి వాక్యం రాదు. లెక్చరర్ "డౌట్స్ ఉన్నాయా?" అని అడుగుతాడు. లేచి అడిగితే నలుగురూ నవ్వుతారని పిల్లలు తల వంచుకుంటారు. మొదటి సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోతాయి. రెండో సెమిస్టర్లో కొత్తవాటితో పాటు పాతవీ చదవాలి. భారం అలా పెరుగుతూ పోతుంది.

దీనికి మందు కాలేజీల్లో లేకపోలేదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి ఏడాది పిల్లలకు మూడు వారాల ఇండక్షన్ ఉండాలని ఏఐసీటీఈ చెప్పింది. మిగతా యూనివర్సిటీల కోసం యూజీసీ 2019లో 'దీక్షారంభ్' పేరుతో అలాంటిదే రూపొందించింది. బ్రిడ్జి కోర్సులు, వెనకబడినవారికి ప్రత్యేక తరగతులు, ప్రతి విద్యార్థికీ మెంటర్‌గా ఒక అధ్యాపకుడు అనే ఏర్పాట్లు చాలా కాలేజీల కాగితాల్లో ఉన్నాయి. కానీ పిల్లవాణ్ని "నీ మెంటర్ ఎవరు?" అని అడగండి. చాలామందికి పేరు తెలియదు. ఉన్న సాయం ఉన్నట్టు తెలియకపోతే అది లేనట్టే కదా.

రెండవది శరీరం. వికలాంగుల హక్కుల కోసం మన దేశంలో 2016లో కొత్త చట్టం వచ్చింది. 1995 నాటి పాత చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించేది. కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. చూపు, వినికిడి, కాళ్లూచేతుల వైకల్యాలతో పాటు తలసీమియా, సికిల్ సెల్, ఆటిజం, చదవడంలోనూ రాయడంలోనూ ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా వంటివి కూడా అందులోకి వచ్చాయి. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లోనూ, ప్రభుత్వ సాయం పొందేవాటిలోనూ 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి. వయసులో ఐదేళ్ల సడలింపు కూడా ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాయలేనివారికి స్క్రైబ్ ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. విద్యార్థి తన స్క్రైబ్‌ను తనే తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని ఆ మార్గదర్శకాలు అప్పట్లో చెప్పాయి. అంటే డిగ్రీ విద్యార్థికి ఇంటర్ చదివినవారు రాసే వీలుండేది. 40 శాతం లేదని స్క్రైబ్ నిరాకరించడం కూడా కుదరదు. చేతి వేళ్లు బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఈ మాట చెప్పింది. ఆ తీర్పు తర్వాత 2022లో అలాంటివారి కోసం వేరే మార్గదర్శకాలు వచ్చాయి.

ఇన్ని ఉన్నా ఏం జరుగుతోంది? చూపు బాగా తక్కువగా ఉన్న ఒక అమ్మాయి నాకు తెలుసు. మేనమామ చదివిస్తున్నాడు. పరీక్ష రోజు ఉదయం సదరం సర్టిఫికెట్ పట్టుకుని సెంటర్‌కు వెళ్లింది. స్క్రైబ్ కావాలంటే ముందే అర్జీ పెట్టి యూనివర్సిటీ నుంచి అనుమతి తెచ్చుకోవాలని అక్కడివారు అన్నారు. ఆ సంగతి ఆమెకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. భూతద్దం పెట్టుకుని మూడు గంటల్లో సగం పేపరే రాసింది. ఫెయిలైంది. ఆమెకు పాఠం రాక కాదు. ఒక్క కాగితం సమయానికి అందక ఫెయిలైంది. తర్వాత మేనమామ ఆమెను వెంటబెట్టుకుని పరీక్షల విభాగానికి తిరిగాడు. మరుసటిసారి స్క్రైబ్, అదనపు గంట రెండూ వచ్చాయి. అదే సబ్జెక్టు ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ మధ్యలో ఆమెకు స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థ మన నిబంధన లాంటిదే చూపించి ఆపేసి ఉంటే ఏమయ్యేది?

ఈజిప్టు పండితుడు తాహా హుసేన్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. మూడేళ్ల వయసు ప్రాంతంలోనే కంటిచూపు పోయింది. అల్ అజ్‌హర్‌లో చదివి, 1914లో కొత్తగా పెట్టిన ఈజిప్టు యూనివర్సిటీలో మొట్టమొదటి డాక్టరేట్ తీసుకున్నాడు. ఫ్రాన్స్ వెళ్లి ఇబ్న్ ఖల్దూన్ మీద పరిశోధన చేసి 1918లో మరో డాక్టరేట్ పొందాడు. అక్కడ ఆయనకు పుస్తకాలు చదివి వినిపించిన సుజాన్‌నే పెళ్లి చేసుకున్నాడు. 1950లో విద్యామంత్రి అయ్యి తన దేశంలో చదువును పేదలకు ఉచితం చేశాడు. ఆయన మేధస్సును అందరం మెచ్చుకుంటాం. ఆ మేధస్సుకు పక్కన కూర్చుని చదివి వినిపించే ఒక గొంతు కూడా కావలసి వచ్చింది. ఈ రోజు ఆ గొంతు ఫోన్‌లోనే ఉంది. కంప్యూటర్ తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. చూపులేనివారి కోసం 2016లో మొదలైన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. వీటిని వాడటం నేర్పించే మనిషి కావాలి, అంతే.

మన దగ్గర మచిలీపట్నం ప్రాంతం నుంచి వచ్చిన బొల్లా శ్రీకాంత్ సంగతీ మీకు తెలుసు. పదో తరగతి తర్వాత సైన్స్ చదవడానికి అంధుడని అనుమతించకపోతే కోర్టుకు వెళ్లి సాధించుకున్నాడు. తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగివచ్చి పరిశ్రమ పెట్టాడు. అయితే ప్రతి పిల్లవాడూ కోర్టుకు వెళ్లలేడు. వెళ్లాల్సిన అవసరం రాకుండా చూడటమే మన పని.

మూడవది మనసు. దీని గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం తక్కువ. అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చి అన్నం తినదు, రాత్రుళ్లు నిద్రపోదు, పుస్తకం ముట్టదు. దిష్టి తగిలిందంటాం. తాయెత్తు కట్టించిన తల్లిని నేను తప్పుపట్టను. ఆమెకున్న ప్రేమ అది. దాంతోపాటు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లమని మాత్రం చేతులెత్తి అడుగుతాను. జ్వరం లాగే ఇదీ జబ్బే, జ్వరం లాగే తగ్గుతుంది. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని ప్రభుత్వ నేర గణాంకాలు చెబుతున్నాయి. ఇంత మంది పిల్లలు పోతుంటే సిగ్గుపడి నోరు మూసుకునే హక్కు పెద్దలకు లేదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల విద్యార్థిని మరణంపై ఆమె తండ్రి పోరాడిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఇప్పుడు మీ పిల్లల కాలేజీకి వెళ్లి "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఏ గదిలో కూర్చుంటారు?" అని అడగవచ్చు. అది మన హక్కు. రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడటానికి 'టెలి మానస్' ఉంది. నంబర్ 14416. తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలూ, ఇప్పుడే మీ ఫోన్లలో రాసుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు, మీ రూమ్‌మేట్‌కు రావచ్చు.

ఇక మన సొసైటీ పెద్దలకు నా మనవి. నాలుగు పనులు చేద్దాం. వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఒకటి, దరఖాస్తు ఫారంలో మూడు ప్రశ్నలు చేర్చుదాం. ఇంతకుముందు ఏ మీడియంలో చదివారు? చూడటం, వినడం, రాయడం, నడవడంలో ఏదైనా ఇబ్బంది ఉందా? కాలేజీలో మీ మెంటర్ పేరు తెలుసా? జవాబులు ఇద్దరు ముగ్గురికి మించి ఎవరికీ తెలియకూడదు. ఆ ఫారం మన ఆఫీసు బల్ల మీద పడి ఉండకూడదు.

రెండు, పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే, అంటే పరీక్షలకు చాలా ముందే, వైకల్యమున్న మన పిల్లల అర్జీలు దగ్గరుండి పెట్టిద్దాం. సర్టిఫికెట్ లేనివారిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్దాం. ఆఫీసులో ఒక్కపిల్ల నిలబడితే రేపు రమ్మంటారు. పక్కన ఒక పెద్దాయన నిలబడితే కుర్చీ వేస్తారు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడు, మన ఇంటర్ పిల్లల్లో స్క్రైబ్‌గా వెళ్లేవారి జాబితా తయారుచేద్దాం. సీనియర్లు శనివారం సాయంత్రాలు మొదటి ఏడాది పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెప్పాలి. స్కాలర్‌షిప్ తీసుకున్నవారు తిరిగి ఇవ్వడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

నాలుగోది, మొదట చెప్పిన నిబంధన. దాన్ని తీసేయమని నేను అనను. "ఫెయిలైతే స్కాలర్‌షిప్ రాదు" అన్నచోట "ఫెయిలైతే కమిటీ విద్యార్థిని, తల్లిదండ్రులను పిలిచి కారణం తెలుసుకున్న తర్వాతే నిర్ణయిస్తుంది" అని మారుద్దాం. బద్ధకస్తుడైతే గట్టిగా మందలించండి, ఆపేయండి. పాఠం, శరీరం, మనసు వీటిలో ఏదో ఒకచోట చిక్కుకున్నవారైతే ఆ చిక్కు విప్పుదాం. దాత రూపాయి వృథా పోకుండా ఉండటానికీ ఇదే మార్గం. రెండేళ్లు చదివించి మూడో ఏట వదిలేస్తే పోయేది ముందు ఇచ్చిన సొమ్మే.

పిల్లలకు చివరి మాట. సాయం అడగడం బిచ్చమడగడం కాదు. చట్టం మీకిచ్చింది మీరు తీసుకుంటున్నారు. మొహమాటపడకండి. ఏ సమస్య వచ్చినా మొదటి వారంలోనే చెప్పండి, ఫలితాలు వచ్చాక కాదు.

ఈ మార్పును వచ్చే కమిటీ సమావేశంలో చర్చకు పెడతామని అధ్యక్షులవారు ఈ వేదిక మీదే మాట ఇస్తే నా రాక సార్థకమైనట్టే.  అల్లాహ్ మన పిల్లలందరి చదువులూ నెరవేర్చుగాక. అస్సలాము అలైకుమ్.